ఆడి ముగించాక కూడా చేతిలో మిగిలిపోయే ఆటలు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా: గత రెండేళ్లలో పెద్ద పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటలు (విశాలమైన లోకంలో మన ఇష్టం వచ్చినట్టు తిరిగేవి) నాలుగైదు పూర్తి చేశారు, ఒక్కొక్కదానికి 60, 70 గంటలు పెట్టారు, కానీ నెల తిరిగేసరికి వాటిలో ఏ ఒక్క ఘట్టమూ స్పష్టంగా గుర్తుండడం లేదు. ఇంకో ఆటను తలపించకుండా, ఏళ్ల తరబడి మనసులో ఉండిపోయే ఆటలేవో చెప్పమని, అవి ఎందుకలా ఉండిపోతాయో కూడా వివరించమని అడిగారు. ఇంట్లో ఉన్నది మామూలు లాప్‌టాప్ అని, అవసరమైతే తమ్ముడి దగ్గరున్న ప్లేస్టేషన్ 4 తెచ్చుకోగలనని కూడా రాశారు. నేను 30 ఏళ్లుగా ఆటలు ఆడుతున్నాను, అందులో 16 ఏళ్లు ఆటలు తయారుచేసే పనిలోనే ఉన్నాను కనుక కాస్త వివరంగానే సమాధానం రాస్తున్నాను.

ముందుగా నా అభిప్రాయం చెప్తాను. కథ బాగుంటే ఆట గుర్తుంటుందని చాలామంది అంటారు, అందులో కొంత నిజం ఉంది. అయితే మంచి కథను నవలగా రాయవచ్చు, సినిమాగా తీయవచ్చు, పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పి వినిపించవచ్చు. ఆటకు మాత్రమే చేతనైన పని వేరే ఉంది: చెప్పదలచుకున్న సంగతిని మన చేతనే చేయించడం. బటన్‌ను ఎంతసేపు నొక్కి పట్టుకున్నాం, ఎప్పుడు వదిలేశాం, ఏది చూసి చేయి ఆడక ఆగిపోయాం అన్నదాంట్లోనే అర్థమంతా ఇమిడి ఉన్న ఆటను మరిచిపోదామన్నా మరుపు రాదు. మీరు ఆడిన ఆటల్లో లోపం వాటి పరిమాణం కాదని నా నమ్మకం. వాటిలో చేయి చేసే పని ఒకటి, కథ చెప్పే మాట మరొకటి. కథలో నాయకుడు సొంతవాళ్లు పోయారని కుమిలిపోతూ ఉంటాడు, మన చేయి మాత్రం మ్యాప్‌లో మిగిలిన గుర్తులను ఒక్కొక్కటిగా ఏరుకుంటూ పోతూ ఉంటుంది. ఆ రెండూ ఎక్కడా కలుసుకోనప్పుడు గుర్తుండడానికి ఏం మిగులుతుంది?

ఈ సంగతి నాకు మొదట తెలిసింది కాంట్రా ఆటలో. తొంభైల మధ్యలో గుంటూరులో మా ఇంటి దగ్గర, టీవీకి తగిలించుకునే వీడియో గేమ్‌ను గంటల లెక్కన అద్దెకిచ్చే దుకాణం ఒకటి ఉండేది. ఆట ఉండే ప్లాస్టిక్ డబ్బాను అందరం క్యాసెట్ అనేవాళ్లం. కొనామీ సంస్థ 1987లో తెచ్చిన కాంట్రా మా క్యాసెట్‌లోని మొదటి ఆట. దాని మూడో లెవెల్ జలపాతం. మొదటి లెవెల్లో తెర పక్కకు జరుగుతుంది, ఇక్కడ మాత్రం పైకి జరుగుతుంది. ఇద్దరు ఆడుతున్నప్పుడు ఒకరు తొందరపడి పై రాళ్ల మీదికి ఎగబాకితే తెర వాళ్లతో పాటే పైకి పోతుంది, కింద ఉండిపోయినవాళ్లు తెర కింది అంచు దాటి ప్రాణం పోగొట్టుకుంటారు. శత్రువు తూటా అక్కర్లేదు, తోడు వచ్చినవాళ్ల తొందర చాలు. మొదటి రెండు రోజులూ అన్నయ్య వల్ల నేను అలాగే చచ్చాను. మూడో రోజు నుంచి అన్నయ్య పై రాయికి ఎగరగలిగి కూడా ఆగి, నేను వచ్చేదాకా ఉన్నచోటే ఉండి తూటాలు తప్పించుకుంటూ, “ఊఁ, రా” అనేవాడు. ఆ ఆట కథ ఏమిటో నాకప్పుడు తెలియదు, తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. అన్నయ్య ఆగడం మాత్రం ఇవాళ్టికీ గుర్తుంది. దీన్ని పూర్తి ఉదాహరణగా చూపడం లేదు, ఎందుకంటే ఇందులో ఆట కన్నా మా వయసూ ఆ వేసవి సెలవులూ ఎక్కువ పని చేసి ఉండవచ్చు. పెద్దయ్యాక, ఒంటరిగా కూర్చుని ఆడినప్పుడు కూడా అలాంటి ముద్ర వేసినవాటినే ఇక్కడ చెప్తున్నాను.

వృత్తిలోకి వచ్చాక దీనికి పూర్తిగా ఎదురైన అనుభవం కూడా చూశాను. కొన్నేళ్లు ఒక మొబైల్ ఆటల కంపెనీలో పని చేశాను. రోజూ పొద్దున్నే మేము చూసుకునే లెక్క ఒక్కటే: నిన్న డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లలో ఇవాళ ఎంతమంది తిరిగి వచ్చారు, ఏడో రోజుకు ఎంతమంది మిగిలారు. ఆ అంకె పెంచడం కోసం రోజువారీ బహుమతులు పెట్టాం, ఒక్క రోజు రాకపోతే వరుస తెగి మొదటికి వచ్చేలా చేశాం, అర్ధరాత్రి దాటాక కొత్త పెట్టె తెరుచుకునేలా చేశాం. అంకె పెరిగింది. ఆ ఆట ఆగిపోయిన కొన్ని నెలలకు, దాన్ని రోజుకు ఎనిమిది గంటలు పరీక్షించిన అమ్మాయిని అందులో ఏ లెవెల్ నచ్చిందని మాటవరసకు అడిగితే ఆమెకు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆ లెవెళ్లలో సగం నేనే గీశాను, నాకూ గుర్తు రాలేదు. మనిషిని మళ్లీ మళ్లీ రప్పించే విద్యకూ మనిషికి గుర్తుండిపోయే విద్యకూ సంబంధం లేదని నాకు అప్పుడు బోధపడింది.

ఇక అసలు ఆటలకు వస్తాను. నేను అందరికన్నా ముందు చెప్పేది షాడో ఆఫ్ ది కొలోసస్. జపాన్‌కు చెందిన ఫుమిటో ఉయేడా నేతృత్వంలో టీమ్ ఐకో దీన్ని 2005లో ప్లేస్టేషన్ 2 కోసం తెచ్చింది. చనిపోయిన అమ్మాయిని తిరిగి బతికించుకోవడానికి వాండర్ అనే యువకుడు అగ్రో అనే గుర్రం మీద నిషిద్ధ భూమికి వస్తాడు. అక్కడి గుడిలో వినిపించే గొంతు, ఆ భూమి మీద తిరిగే 16 మహాకాయాలను చంపితే అది సాధ్యం కావచ్చునని చెప్తుంది. ఆటలో ఉన్న శత్రువులు ఆ 16 మాత్రమే. దారిలో చిల్లర శత్రువులు లేరు, ఊళ్లు లేవు, అంగళ్లు లేవు, పలకరించడానికి మనుషులు లేరు. కత్తిని ఎండలోకి ఎత్తితే వెలుగు ఒక గీతగా కూడి దిక్కు చూపిస్తుంది, ఆ దిక్కుగా గుర్రాన్ని తోలుకుంటూ ఏమీ లేని మైదానాల మీదుగా నిమిషాల తరబడి పోవాలి. అవసరం లేనిదాన్నల్లా తీసేస్తూ పోవడమే ఉయేడా పద్ధతి, ఆ ఖాళీలోనే మనం చేయబోతున్న పని గురించి ఆలోచించుకోవడానికి సమయం దొరుకుతుంది.

మహాకాయం ఎదురయ్యాక దాని ఒంటి మీది బొచ్చు పట్టుకుని పైకి ఎక్కాలి. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే వాండర్ పట్టు నిలుస్తుంది, తెర మూలనున్న వలయం చిక్కిపోతున్న కొద్దీ ఆ పట్టు సడలుతూ వస్తుంది. మహాకాయం విదిలించుకున్నప్పుడల్లా మన వేలు నొప్పి పుట్టేంతగా బటన్ మీద బిగుసుకుపోతుంది, గట్టిగా నొక్కినంత మాత్రాన ఆటలో ఏమీ మారదని తెలిసి కూడా. చివరికి దాని ఒంటి మీద మెరిసే గుర్తులో కత్తి దించితే అది నెమ్మదిగా కూలిపోతుంది, విజయభేరి మోగవలసిన సరిగ్గా ఆ చోట కో ఓటాని సంగీతం విషాదంలోకి జారుతుంది. ఆ శరీరం నుంచి నల్లని పోగులు పైకి లేచి వాండర్ ఒంట్లోకి దూరుతాయి.

వీటిలో 13వది ఎడారి మీద ఎగిరే పొడవైన సర్పం లాంటి జీవి. అది మనల్ని ఏమీ చేయదు; మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి కూడా దాడి చేయదు. మనమే గుర్రం మీద దాని వెంటపడి, బాణాలతో దాని పొట్ట కింది గాలితిత్తులను పగలగొట్టి, అది కిందికి వాలినప్పుడు రెక్క పట్టుకుని వీపు మీదికి పాకి, చంపుతాం. మొదటిసారి ఆడినప్పుడు నేను దాని వీపు మీద చాలాసేపు కత్తి దించకుండా నిలబడిపోయాను. గాలికి దాని బొచ్చు ఊగుతూ ఉంది, కింద ఇసుక నేల వెనక్కి జరిగిపోతూ ఉంది. ఆట ముందుకు సాగాలంటే వేరే దారి లేదు కనుక చివరికి దించాను. చేస్తున్నది తప్పేమోనన్న అనుమానం నాకు ఏ పాత్ర మాటల వల్లా కలగలేదు, కత్తి దించలేక ఆగిన వేలికే అది ముందు తెలిసింది. గుర్రం విషయం కూడా ఒక మాట చెప్పాలి. అగ్రో మిగతా ఆటల్లోని వాహనాల్లా కంట్రోలర్ మీది స్టిక్ (బొటనవేలితో తిప్పే చిన్న పుల్ల) తిప్పగానే తిరగదు, తనకంటూ ఒక బుర్ర ఉన్నట్టు కాస్త ఆగి తిరుగుతుంది, ఇరుకు వంతెన మీద మనం వదిలేసినా తనే దారి చూసుకుంటుంది. దీన్ని లోపమనుకుని విసుక్కున్నవాళ్లు చాలామంది ఉన్నారు. దయచేసి మీరు విసుక్కోకండి, చివరి మహాకాయం దాకా చేరాక ఎందుకు చెప్పానో అర్థమవుతుంది. 2018లో బ్లూపాయింట్ సంస్థ దీన్ని ప్లేస్టేషన్ 4 కోసం కొత్తగా నిర్మించింది కనుక మీ తమ్ముడి యంత్రం మీద ఆడవచ్చు. పాత్రలు మాట్లాడేది కల్పిత భాష కావడం వల్ల ప్రపంచంలో ఎవరైనా తెర కింది అక్షరాలు చదువుకుంటూ ఆడవలసిందే.

చేయే కథ చెప్పే ఆటల్లో చిన్నవి రెండు ఉన్నాయి. జోసెఫ్ ఫారెస్ అనే సినిమా దర్శకుడు స్వీడన్‌లో రూపొందించగా 2013లో వచ్చిన బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టూ సన్స్‌లో జబ్బుపడిన తండ్రికి మందు తేవడానికి ఇద్దరు అన్నదమ్ములు బయలుదేరతారు. కంట్రోలర్ మీది ఎడమ స్టిక్ అన్న, కుడి స్టిక్ తమ్ముడు. ఒకే మనిషి రెండు బొటనవేళ్లతో ఇద్దరినీ నడిపించాలి కనుక మొదట్లో ఇద్దరూ చెరో గోడకు తగులుకుంటారు, కాసేపటికి మన ఎడమచేయి అన్న అయిపోతుంది. తమ్ముడికి నీళ్లంటే భయం, ఏరు అడ్డం వచ్చినప్పుడల్లా అన్న వీపు పట్టుకుని దాటుతాడు. చివర్లో ఒక నీటి ఒడ్డున మీ ఎడమచేతికి ఒక పని పడుతుంది, అంతకు మించి చెబితే మీకు అన్యాయం చేసినవాడినవుతాను. రెండోది 2017 నాటి వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఈడిత్ ఫించ్. అందులో చేపల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసే లూయిస్ అనే కుర్రాడి అధ్యాయం ఒకటుంది. కుడి స్టిక్‌తో చేపను కత్తి కిందికి జరిపి, తల తెగాక పక్కకు తోసేస్తూ ఉండాలి, అదే సమయంలో ఎడమ స్టిక్‌తో అతని పగటికలలోని రాజ్యంలో నడుస్తూ ఉండాలి. కల పెరుగుతూ పెరుగుతూ తెరనంతా ఆక్రమిస్తుంది, చేప కనబడకపోయినా కుడిచేయి దాని పాటికది కోస్తూనే ఉంటుంది. విసుగు పుట్టించే ఉద్యోగంలో మనసు ఎక్కడికి పోతుందో నేను ఎన్నో చోట్ల చదివాను కానీ, నా రెండు చేతులూ రెండు లోకాల్లో ఉండడం మాత్రం అక్కడే అనుభవించాను.

లాప్‌టాప్ మీద ఆడదగినవాటిలో నాకు అత్యంత ఇష్టమైనవి లూకస్ పోప్ చేసినవి. పెద్ద స్టూడియోలో ఉద్యోగం వదిలి, దాదాపు ఒంటరిగా, బొమ్మలూ ప్రోగ్రామూ సంగీతమూ తానే చేసుకునే మనిషి అతను. 2013లో వచ్చిన పేపర్స్, ప్లీజ్‌లో మీరు అర్‌స్టోట్జ్‌కా అనే కల్పిత దేశపు సరిహద్దులో పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తా. కథ 1982 నవంబరులో మొదలవుతుంది. సరిగ్గా తేల్చిన ఒక్కొక్క మనిషికి 5 క్రెడిట్లు వస్తాయి, సాయంత్రం ఆ డబ్బుతో అద్దె, తిండి, చలికి వెచ్చదనం సమకూర్చుకోవాలి. బల్ల ఇరుకు, కాగితాలు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటాయి, నిబంధనలు రోజురోజుకూ పెరుగుతాయి. తప్పు చేస్తే వెంటనే హెచ్చరిక చీటీ వస్తుంది, కానీ రోజులో మొదటి రెండు తప్పులకు జరిమానా లేదు. ఆట మొత్తానికి కీలకం ఇదేనని నాకు అనిపిస్తుంది. ఒక రోజు ఒక మనిషి కాగితాలన్నీ సరిగ్గా చూపించి లోపలికి పోతూ, వెనక తన భార్య వస్తోందని, కాస్త దయ చూడమని చెప్పి వెళ్తాడు. ఆమె దగ్గర ప్రవేశపత్రం ఉండదు. అప్పటికి ఆ రోజు మీరు పొరపాటున రెండు తప్పులు చేసేసి ఉంటే, ఆమెను లోపలికి పంపడం మీ ఇంటి ఖర్చుకు తగులుతుంది. ఆ అనుభవం తర్వాత నేను ప్రతి ఉదయమూ ఆ రెండు తప్పులను ఎవరో ఒకరి కోసం దాచిపెట్టుకోవడం మొదలుపెట్టాను. దయను పొదుపుగా, లెక్క చూసుకుని ఖర్చు పెట్టడం ఎంత సిగ్గుగా ఉంటుందో నాకు ఇంకే ఆటా చూపించలేదు.

అదే లూకస్ పోప్ నాలుగున్నరేళ్లు శ్రమించి 2018లో తెచ్చిన రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ నా దృష్టిలో ఇంతవరకూ వచ్చిన పరిశోధన ఆటలన్నిటిలోకీ గొప్పది. 1802లో లండన్ నుంచి తూర్పు దేశాలకు సరుకుతో బయలుదేరిన ఓడ దారిలో మాయమై, 1807 అక్టోబరులో మనిషి జాడ లేకుండా రేవుకు కొట్టుకొస్తుంది. మీరు ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయం పంపిన బీమా తనిఖీదారు. ఓడ మీదున్న 60 మందిలో ఎవరు ఎవరు, ఎవరికి ఏమైంది, చంపింది ఎవరు అన్నది పుస్తకంలో నింపాలి. మీ దగ్గరున్న జేబు గడియారాన్ని ఒక శవం దగ్గర తెరిస్తే, చీకట్లో అతని చివరి క్షణాల మాటలు వినిపిస్తాయి, తర్వాత ప్రాణం పోయిన ఆ క్షణం బొమ్మలా గడ్డకట్టి మీ చుట్టూ నిలబడుతుంది, దాని మధ్య మీరు నడిచి చూడవచ్చు. తెర మీద ఉన్నవి రెండే రంగులు, తొలినాటి మాకింటోష్ కంప్యూటర్ల తెరల్లాగా చుక్కలతో గీసిన వెలుగూ నీడా. ఎవరూ మీకు పేర్లు చెప్పరు. మాట యాసను బట్టి, వేలికి ఉన్న ఉంగరాన్ని బట్టి, ఊయల మంచానికి ఉన్న అంకెను బట్టి, దుప్పటి బయటికి కనబడే చెప్పులను బట్టి మీరే పట్టుకోవాలి. ముగ్గురి వివరాలు సరిగ్గా కుదిరినప్పుడు మాత్రమే పుస్తకం వాటిని ఖాయం చేస్తుంది కనుక గుడ్డిగా ఊహించి గట్టెక్కడం కష్టం.

ఈ ఆటలో మనకు దగ్గరగా వచ్చే సంగతి ఒకటుంది. ఆ ఓడ సిబ్బందిలో ఇండియా నుంచి వచ్చిన లస్కర్లు, అంటే ఓడ పనివాళ్లు, ఉన్నారు, ప్రయాణం మొదట్లోనే వాళ్లలో ఇద్దరు జబ్బుతో చనిపోతారు. మిగతా చావుల్లో కత్తులూ తుపాకులూ సముద్రపు భూతాలూ ఉంటాయి, ఈ ఇద్దరి చావులో మాత్రం దగ్గూ, ఒక మూల పడకా తప్ప ఏమీ లేవు. అందుకే చాలామంది ఆటగాళ్లు ఆ ఇద్దరినీ చివరిదాకా తేల్చలేక వదిలేస్తారు. ఆ ఇద్దరిలో ఎవరు ఎవరో తెలుసుకోవడానికి నేను ఒక సాయంత్రమంతా ఆ గడ్డకట్టిన క్షణాల్లో తిరుగుతూ, బతికి ఉన్నప్పుడు వాళ్లు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి పక్కన ఉన్నారు అని వెతికాను. కంపెనీ లెక్కల్లో ఒక పేరూ ఒక హోదా మాత్రమే అయిన మనిషి ముఖాన్ని అంతసేపు చూడవలసి రావడమే ఆ ఆట నాకు ఇచ్చింది. ఆ రెండు ముఖాలు నాకిప్పటికీ గుర్తున్నాయి.

అవుటర్ వైల్డ్స్ గురించి తక్కువ చెప్పడమే మీకు మేలు, కానీ అసలు చెప్పకుండా ఉండలేను. అలెక్స్ బీచమ్ అనే విద్యార్థి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ ప్రాజెక్టుగా మొదలుపెట్టిన ఈ ఆట మోబియస్ డిజిటల్ సంస్థ చేతుల్లో పెరిగి 2019లో వచ్చింది, మరుసటి ఏడాది బ్రిటిష్ అకాడమీ ఇచ్చే బాఫ్టా ఉత్తమ ఆట పురస్కారం పొందింది. చెక్కలతో అతుకులేసినట్టుండే చిన్న అంతరిక్ష నౌకలో ఒక చిన్న సౌరమండలం అంతా మీరు తిరగవచ్చు. 22 నిమిషాలకు సూర్యుడు పేలిపోతాడు, మీరు మళ్లీ మొదట్లో చలిమంట దగ్గర కళ్లు తెరుస్తారు. ఆయుధాలు లేవు, కొత్త శక్తులు రావు, డబ్బు లేదు. మొదటి నిమిషం నుంచీ ఆట చివరికి చేరడానికి కావలసినవన్నీ మీ దగ్గరే ఉంటాయి, లేనిది తెలివిడి ఒక్కటే. ఒక గ్రహం మీది ఇసుక పక్క గ్రహం మీదికి ధారగా కారిపోతూ ఉంటుంది, కనుక అక్కడి గుహలకు మీరు వెళ్లే సమయాన్ని బట్టి దారులు తెరుచుకుంటాయి, మూసుకుపోతాయి. ఇంకో గ్రహం పెంకు ముక్కలు ముక్కలుగా ఊడి నడిబొడ్డున ఉన్న కృష్ణబిలంలో పడిపోతూ ఉంటుంది.

డార్క్ బ్రాంబుల్ అనే ముళ్లపొదల లోకంలో పొగమంచులో పెద్ద పెద్ద చేపలు ఉంటాయి. అవి గుడ్డివి, చప్పుడుకే వస్తాయి. ఈ సంగతి ఇంకెక్కడో తెలుసుకున్నాక, నేను నౌక ఇంజన్ ముట్టుకోకుండా, లోపలికి వచ్చిన వేగంతోనే వాటి నోళ్ల మధ్య నుంచి తేలుతూ పోయాను. చేతులు రెండూ కంట్రోలర్ మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను, పొరపాటున బటన్ తగులుతుందేమోనన్న భయంతో. ఏమీ చేయకపోవడమే చేయవలసిన పని కావడం, అది ఇంత కష్టం కావడం నేను మరెక్కడా చూడలేదు. ఇంకొక్కటి. దూరాన ఒక్కో గ్రహం మీద ఒక్కో సహయాత్రికుడు తన వాయిద్యం వాయిస్తూ ఉంటాడు, ఒకరిది బాంజో, ఒకరిది మౌతార్గాన్, ఒకరిది వేణువు. మీ దగ్గరున్న శబ్దదర్శినిని ఎక్కువ దూరం నుంచి పట్టి చూస్తే వాళ్లంతా ఒకే పాటలో తలా ఒక భాగం వాయిస్తున్నారని తెలుస్తుంది. ఒక్క పదినిమిషాలు ఆ పని కోసమే కేటాయించండి, కాలం వృథా అవుతుందని భయపడకండి.

జర్నీ గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే దాని గురించి అందరూ చెప్తారు, అందరూ నిజమే చెప్తారు. జెనోవా చెన్ నాయకత్వంలో థట్‌గేమ్‌కంపెనీ 2012లో తెచ్చిన ఈ రెండు గంటల ఆటలో ఎడారి దాటి ఒక కొండ ఎక్కాలి. మధ్యలో ఎక్కడో ఇంటర్నెట్ ద్వారా ఇంకో ఆటగాడు మీకు తోడవుతాడు, పేరు కనబడదు, మాట్లాడే వీలు లేదు, ఒక చిన్న కూత మాత్రమే వేయగలరు. కొండ మీది మంచులో ఒకరినొకరు ఆనుకుని నడిస్తే మెడగుడ్డలు మళ్లీ వెలుగు నింపుకుంటాయి. ఆట ముగిశాకే ఆ తోడు వచ్చినవాళ్ల పేర్లు తెర మీద కనిపిస్తాయి. నాకు వచ్చిన పేరు ఏదో గుర్తు లేదు కానీ, ఆ మనిషి మంచులో నా కోసం రెండుసార్లు వెనక్కి రావడం గుర్తుంది. దీన్ని ఒకే విడతలో, ఫోన్ పక్కన పెట్టి ఆడండి.

ఫోన్‌లో ఆడదగినవాటిలో ఫ్లోరెన్స్ ఉంది. 2018లో ఆస్ట్రేలియాలోని మౌంటెన్స్ బృందం తెచ్చింది. ఫ్లోరెన్స్ అనే అమ్మాయికీ క్రిష్ అనే భారతీయ మూలాలున్న చెల్లో వాద్యకారుడికీ మధ్య పుట్టిన ప్రేమ కథ. మొదటిసారి కలిసినప్పుడు మాట బుడగను ఎన్నో ముక్కలు అమర్చి తయారుచేయాలి, చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతూ వస్తాయి, గొడవ పడ్డ రోజున ముక్కలకు మొనలు వస్తాయి. అరగంటలో అయిపోతుంది. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం 2012లో తొలి విడతగా సేకరించిన 14 ఆటల్లో ఒకటైన ప్యాసేజ్ ఇంకా చిన్నది, 5 నిమిషాలు. జేసన్ రోరర్ 2007లో చేశాడు, ఉచితం. దారిలో ఎదురైన తోడును కలుపుకుంటే ఇద్దరూ పక్కపక్కన నడుస్తారు కనుక ఇరుకు సందుల్లోకి వెళ్లలేరు, అక్కడున్న నిధులు వదులుకోవలసిందే. ఎవరూ వివరించకుండానే ఆ సంగతి మీ వేలికి తెలుస్తుంది.

మన దేశపు ఆటలు కూడా చెప్పమని మీరు అడిగి ఉంటే పుణెలో తయారై 2020లో వచ్చిన రాజీ పేరు ముందు చెప్పేవాడిని. కోటలూ గుడులూ కన్నుల పండుగగా ఉంటాయి, కథను తోలుబొమ్మల నీడలతో చెప్పిన తీరు చక్కగా ఉంటుంది. చేతికి ఇచ్చిన పని మాత్రం మనకు తెలిసిన కత్తి యుద్ధాల ఆటలదే, అందుకే దాన్ని ఈ వరుసలో పెట్టలేకపోతున్నాను. దీనికి భిన్నంగా, కెనడాలోని టొరంటోలో తయారై 2023లో వచ్చిన వెన్బాను నిస్సంకోచంగా పెడతాను. 1980లలో తమిళనాడు నుంచి కెనడాకు వెళ్లిన దంపతులు, అక్కడ పుట్టిన కొడుకు, తల్లి వెంట తెచ్చుకున్న వంటల పుస్తకం. పేజీలు చిరిగి, అక్షరాలు అలికిపోయి ఉంటాయి, మిగిలిన ముక్కలను బట్టి వంటకం చేసి చూపించాలి. మొదటి వంటకం ఇడ్లీ. ప్లేట్లను ఏ వాటంగా పేర్చాలో తెలియక విదేశీ ఆటగాళ్లు తడుముకునే చోట, మా ఆవిడ తెర చూసి, “ఆవిరి పోవద్దూ, తిప్పి పెట్టండి” అని వంటింట్లోంచే చెప్పేసింది. తర్వాత ఒక ఘట్టంలో పెద్దవాడైన కొడుకు, సరిగ్గా చదవడం రాని అమ్మ భాషలో ఉన్న అదే పుస్తకాన్ని ముందు పెట్టుకుని వంటకు దిగుతాడు. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య ఇంట్లో పిల్లలకు తెలుగు వినడం వచ్చు, చదవడం రాదు. అన్నయ్యకు ఆ ఆట పంపించాను. పిల్లలతో కలిసి ఆ సాయంత్రమే పూర్తి చేసి, మర్నాడు ఫోన్ చేసి మినప్పప్పు, ఇడ్లీ రవ్వ ఏ పాళ్లలో వేయాలో అమ్మను అడిగాడు.

మీ లాప్‌టాప్ సంగతికి వస్తే, పేపర్స్, ప్లీజ్, ఓబ్రా డిన్, వెన్బా ఇబ్బంది లేకుండా నడుస్తాయి. అవుటర్ వైల్డ్స్‌కు ఓ మాదిరి గ్రాఫిక్స్ కార్డు కావాలి, కానీ అది ప్లేస్టేషన్ 4లో కూడా ఉంది కనుక షాడో ఆఫ్ ది కొలోసస్, జర్నీలతో పాటు దాన్ని కూడా తమ్ముడి యంత్రం మీదే ఆడేయండి. ఇంగ్లీషు చదవడం విసుగనిపిస్తే జర్నీతో మొదలుపెట్టండి, అందులో మాటలే లేవు. ఓబ్రా డిన్‌కు ఒక నోటుపుస్తకం, పెన్ను దగ్గర పెట్టుకోండి. ఒకదాని తర్వాత ఇంకొకటి వెంటనే మొదలుపెట్టకుండా మధ్యలో వారం రోజులు వదిలేయండి, ఆటలో చేసిన పనులకు యంత్రం ఇచ్చే ట్రోఫీల జాబితా తెరవకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఓబ్రా డిన్, అవుటర్ వైల్డ్స్ రెండిటికీ వాక్‌త్రూ వీడియోలు (ఆటను మొదటి నుంచి చివరిదాకా ఆడి చూపించేవి) చూడవద్దు. వాటిలో తెలుసుకోవడమే ఆట, ఒకసారి తెలిసిపోయాక దాన్ని వెనక్కి తీసుకోలేరు. ఎక్కడైనా రెండు మూడు రోజులు చిక్కుకుపోతే, ఏం చూశారో, ఏది అర్థం కాలేదో నాకు రాయండి. సమాధానం చెప్పను, ఎటువైపు మళ్లీ చూడాలో మాత్రం చెప్తాను.